భాగమతి నీడలో హయాత్ బక్షీ బేగమ్

హైదరాబాదు చరిత్రలో ఒక స్త్రీ పేరు చెప్పమని తెలుగువారిలో ఎవరిని అడిగినా వెంటనే వచ్చే సమాధానం భాగమతి. బడి పిల్లవాడూ ఆ పేరే చెబుతాడు, యాత్రికులకు ఊరు చూపించే గైడూ ఆ పేరే చెబుతాడు, గోల్కొండ కోటలో జరిగే ధ్వని కాంతి ప్రదర్శనలోనూ ఆ ప్రణయగాథే వినిపిస్తుంది. రెండవ పేరు అడిగితే తారామతి అనో, ప్రేమామతి అనో అంటారు. హయాత్ బక్షీ బేగమ్ పేరు మూడవదిగానైనా వినబడే సందర్భాలు అరుదు. వీరిలో మొదటి ఆమె అసలు ఉన్నదో లేదో చరిత్రకారులు ఇంతవరకు తేల్చలేదు. చివరి ఆమె ఒక సుల్తానుకు ఏకైక సంతానం, మరొక సుల్తానుకు భార్య, వేరొక సుల్తానుకు తల్లి. పన్నెండేళ్ళ కుమారుడు గద్దెనెక్కిన నాడు రాజ్యభారం మోసింది. మొగలు సేన కోటను ముట్టడించిన నాడు తానే శత్రువు శిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడింది. ఆమె కట్టించిన మస్జిద్ ఉన్నది, ఆమె సమాధి ఉన్నది, ఆమె పేరిట ఊరు ఉన్నది. ఇన్ని ఆనవాళ్ళు గల స్త్రీ మరుగున పడి, సమాధి రాయి కూడా లేని స్త్రీ అందరి నోళ్ళలో నిలవడానికి కారణమేమి? ఈ ప్రశ్నకు జవాబు చరిత్ర గ్రంథాలలో సగమే దొరుకుతుంది. తక్కిన సగం మనం కథలు చెప్పుకునే తీరులో వెతకాలి.

తెలుగువారి కథలు నేడు ఎక్కడ తయారవుతున్నాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. సినిమా పరిశ్రమ మద్రాసు నుండి క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ దానికి నివాసమైనవి. స్టూడియోలు, నిర్మాతల కార్యాలయాలు, కథా చర్చలు జరిగే గదులు అన్నీ ఆ రాతిగుట్టల మీదనే ఉన్నాయి. ఆ గుట్టలు దిగి పడమర దిక్కుగా సాగితే షేక్‌పేట వస్తుంది. అక్కడ కుతుబ్ షాహీల నాటి సరాయి ఇంకా నిలిచి ఉన్నది. మరికొంత దూరం పోతే కుతుబ్ షాహీ సుల్తానుల గుమ్మటాలు. కథలల్లే గదులకూ హయాత్ బక్షీ సమాధికీ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్ల దారి మాత్రమే. అయినా ఆమె ప్రధాన పాత్రగా చెప్పుకోదగిన తెలుగు చిత్రం ఒక్కటీ రాలేదు.

అంతమాత్రాన తెలుగు సినిమా ముస్లిం చరిత్రను పూర్తిగా విడిచిపెట్టిందనడం న్యాయం కాదు. 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘అనార్కలి’ వచ్చింది. అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు అందులో నాయికా నాయకులు. 1979లో నందమూరి తారక రామారావు స్వీయ దర్శకత్వంలో ‘అక్బర్ సలీం అనార్కలి’ తీశారు. ఒకే కథను తెలుగు తెర రెండు సార్లు చెప్పుకున్నది. ఇంతకూ ఈ అనార్కలి ఎవరు? అబుల్ ఫజల్ వ్రాసిన అక్బర్‌నామాలో ఆమె లేదు. జహాంగీరు తన జీవితాన్ని తానే వ్రాసుకున్న ‘తుజుక్’లోనూ లేదు. విలియం ఫించ్ అనే ఆంగ్ల వర్తకుడు పదిహేడవ శతాబ్దపు తొలినాళ్ళలో లాహోరులో విన్న మాట ఒకటి, ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రచించిన ఉర్దూ నాటకం ఒకటి, ఈ రెండింటి మధ్య పెరిగిన కథ అది. అదే సలీం జహాంగీరై పాలించిన కాలంలో తన పేరిట నాణెములు వేయించిన నూర్జహాన్ ఉన్నది. ఆమె ఉనికిని ఎవరూ సందేహించలేరు. తెలుగు తెర మాత్రం రెండు సార్లూ అనార్కలినే పిలిచింది.

దీనిలోని పద్ధతి గమనించదగినది. తెర మీదికి రావలసిన ముస్లిం స్త్రీకి మన కథకులు పెట్టిన అర్హత ప్రేమించడం, ఆ ప్రేమ కోసం నశించడం. ఆమె నర్తకి అయితే మరీ మంచిది. పన్నులు వసూలు చేయించిన స్త్రీ, మంత్రులను అదుపులో ఉంచిన స్త్రీ, రాయబారులతో మాట్లాడిన స్త్రీ ఈ అర్హత పరీక్షలో మొదటి మెట్టు మీదనే తప్పిపోతుంది. రాజ్యం చేసిన స్త్రీ కథలో పాటకు చోటు ఎక్కడ అని కథా చర్చలో ఎవరైనా అడిగితే, ఆ అడగడంలో ఆశ్చర్యమేమీ లేదు. ప్రేక్షకునికి అలవాటు చేసినది అదే.

భాగమతి కథ ఈ అచ్చులోనిదే. మూసీ ఆవలి ఒడ్డున చిచలం గ్రామం, అందులో ఒక నర్తకి, వరదను లెక్కచేయక గుఱ్ఱం మీద ఏరు దాటిన యువరాజు ముహమ్మద్ కులీ, కుమారుని ప్రాణం మీది భయంతో తండ్రి ఇబ్రాహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్. ఈ వంతెన కట్టినది 1578లో. ముహమ్మద్ కులీ 1580లో గద్దెనెక్కేనాటికి పదిహేనేళ్ళవాడు. అంటే వంతెన నాటికి మన ప్రియునికి పదమూడేళ్ళు. ఈ లెక్కను ఎత్తి చూపినవారు ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ. భాగమతి ప్రస్తావన తెచ్చిన తొలి రచయితలు గోల్కొండవారు కారనీ, అక్బరు రాయబారిగా దక్కనుకు వచ్చిన ఫైజీ, బీజాపూరు ఆశ్రయంలో చరిత్ర వ్రాసిన ఫిరిష్తా వంటి బయటివారనీ ఆయన వాదించారు. ముహమ్మద్ కులీ స్వయంగా కవి. తన ప్రియురాండ్రను పేరుపేరునా పాటలలో పొగిడినవాడు. ఆ పేర్లలో భాగమతి లేదు. రాజవంశపు సమాధుల తోటలో ఆమెకు సమాధీ లేదు. మరొక పక్షాన డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఉన్నారు, తరువాతి కాలంలో నరేంద్ర లూథర్ ఉన్నారు. సమకాలికులు ఇద్దరు ముగ్గురు ఒకే మాట వ్రాసినప్పుడు దానిని గాలికబురుగా త్రోసివేయరాదని, దర్బారు చరిత్రకారులు మౌనంగా ఉండడానికి వారి కారణాలు వారికి ఉండవచ్చునని ఈ పక్షం వాదన. రెండు పక్షాలలోనూ బలం ఉన్నది. షేర్వానీగారి వాదమే గట్టిదిగా తోస్తుంది గాని, ఇక్కడ విచారించవలసిన సంగతి అది కాదు. ఒక శతాబ్దపు పాండిత్యంలో ఎంతో భాగం, ఉన్నదో లేదో తెలియని స్త్రీ కోసం ఖర్చయింది. నిస్సందేహంగా ఉన్న స్త్రీకి ఆ చర్చలో దక్కిన స్థానం ఒక్కటే: ఆమె భాగమతి కుమార్తెయా, కాదా?

హయాత్ బక్షీ ముహమ్మద్ కులీకి ఒక్కగానొక్క బిడ్డ. కుమారులు లేరు. 1607లో ఆమెను తన తమ్ముని కొడుకైన ముహమ్మద్‌కు ఇచ్చి వివాహం చేశాడు. దానితో వారసత్వం కూడా తేలిపోయింది. 1612లో తండ్రి మరణించగా భర్త సుల్తాను ముహమ్మద్ కుతుబ్ షా అయ్యాడు. చదువుమీద, దీన్ మీద ఆసక్తి గలవాడు. మక్కా మస్జిద్‌కు పునాది వేసినది ఇతని కాలంలోనే, 1617లో. 1626లో ఆయనా కన్నుమూశాడు. అప్పటికి కుమారుడు అబ్దుల్లాకు పన్నెండేళ్ళు.

ఇక్కడి నుండి హయాత్ బక్షీ కథ అసలుగా మొదలవుతుంది. ఉత్తరాన మొగలుల ఒత్తిడి నానాటికి పెరుగుతున్నది. దర్బారులో ఇరానీ అమీర్లు, దక్కనీ అమీర్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. మచిలీపట్నం రేవులో డచ్చివారు, ఆంగ్లేయులు కోఠీలు తెరిచి కూర్చున్నారు. ఇటువంటి కాలంలో పిల్లవాని పేరిట రాజ్యం నడిపినది ఆ తల్లి. లోకం ఆమెను ‘మా సాహెబా’ అన్నది. అబ్దుల్లా 1626 నుండి 1672 వరకు, అంటే 46 ఏళ్ళు గద్దె మీద ఉన్నాడు. హయాత్ బక్షీ 1667లో మరణించింది. ఆ 46 ఏళ్ళలో 41 ఏళ్ళు తల్లి బ్రతికి ఉన్న కాలమే. తల్లి లేకుండా అతడు పాలించినది చివరి ఐదేళ్ళు. అబ్దుల్లా పాలన అని పాఠ్యపుస్తకాలు ఏకవాక్యంలో చెప్పే ఆ అర్ధ శతాబ్దాన్ని ఈ లెక్క ప్రక్కన పెట్టి చదివితే అర్థం మారుతుంది.

జనం ఆమెను పూర్తిగా మరువలేదనడానికి ఒక ముచ్చట చెబుతారు. బాలుడైన అబ్దుల్లాను మదించిన ఏనుగు అడవిలోకి మోసుకుపోయిందట. బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగును కట్టే గొలుసంత బరువు గల బంగారు గొలుసు హుసైనీ ఆలంకు సమర్పిస్తానని తల్లి మొక్కుకున్నదట. ముహర్రంలో తరతరాలు సాగిన లంగర్ ఊరేగింపుకు మూలం ఇదేనని పెద్దలు చెప్పుకునేవారు. మొక్కుబడి ధర్మసమ్మతమా అన్న చర్చ అటుంచి, కథ ఆమెను ఏ రూపంలో నిలిపిందో చూడండి. ఏడుస్తూ మొక్కుకునే తల్లిగా. రాజ్యం నడిపిన సంగతి ఊరేగింపులో లేదు.

1656 నాటి సంఘటన కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గోల్కొండ వజీరు మీర్ జుమ్లా కర్ణాటకంలో తన సొంత రాజ్యంవంటిది ఏర్పరచుకొని, సుల్తానుతో చెడి, మొగలుల పంచన చేరాడు. అతని కుమారుని అబ్దుల్లా నిర్బంధించడం ఔరంగజేబుకు మంచి సాకు అయింది. అప్పటికి ఔరంగజేబు దక్కను సుబేదారు. జనవరిలో అతని కుమారుడు ముహమ్మద్ సుల్తాన్ సేనతో హైదరాబాదు చొరబడ్డాడు. అబ్దుల్లా గోల్కొండ కోటలోకి పరుగెత్తాడు. నగరం దోపిడి పాలయింది. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. ఢిల్లీలో దారా షుకోహ్ ద్వారా అబ్దుల్లా మనుషులు షాజహానుకు మొర పెట్టుకుంటూనే ఉన్నారు. ఆ జవాబు వచ్చేలోగా కోట నిలవాలి. ఆ సమయంలో శత్రు శిబిరానికి వెళ్ళినది సుల్తాను కాదు, సుల్తాను తల్లి. పెండ్లి అయి అప్పటికి 49 ఏళ్ళు గడచిన వృద్ధురాలు, తన నగరాన్ని దోచిన సేన మధ్యకు వెళ్ళి, ఔరంగజేబుతో షరతులు మాట్లాడింది. కోటి రూపాయల నష్టపరిహారం, అబ్దుల్లా రెండవ కుమార్తెను ముహమ్మద్ సుల్తానుకిచ్చి వివాహం, ఇవి ఒప్పందంలోని ముఖ్యాంశాలు. షాజహాను ఆజ్ఞ రావడంతో మార్చి నెలాఖరున ముట్టడి ఎత్తివేశారు. గోల్కొండ రాజ్యం మరి 31 ఏళ్ళు, అంటే 1687 వరకు నిలిచింది.

దీనిని విజయమని కీర్తించడం అతిశయోక్తి అవుతుంది. కోటి రూపాయలు చిన్న మొత్తం కాదు. మనుమరాలిని దండెత్తి వచ్చినవాని ఇంటికి పంపవలసి రావడం చిన్న బాధ కాదు. ముట్టడి ఎత్తివేతలో ఆమె మాటకెంత వాటా, షాజహాను ఫర్మానాకెంత వాటా అన్నది తూచి చెప్పవలసిన విషయమే. కాని రాజ్యం అంతరించకుండా ఓటమిని ఒక ధరకు కుదించడం కూడా రాజనీతిలో భాగమే కదా. దివ్య ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో సబా రాణి ప్రస్తావన చదివినవారికి ఇది కొత్త కాదు. బలమున్నదని సర్దారులు ధీమా చెప్పినా, రాజులు ఊళ్ళలో చొరబడితే ఏమవుతుందో ఎరిగిన ఆ రాణి ముందు రాయబారమే మేలని ఎంచింది. ఆమె వివేకాన్ని వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా వివరిస్తూ వచ్చారు. ఆ వ్యాఖ్యానాలు మన మదరసాలలో పాఠంగా చెప్పుకుంటూనే, మన ఊరి రాణి చేసిన రాయబారాన్ని ఎవరూ పాఠంగా చెప్పలేదు.

దర్బారు చరిత్రకారుని దృష్టిలో రాజ్యాధికారానికి గుర్తులు రెండు: జుమా ఖుత్బాలో పేరు, సిక్కా మీద పేరు. ఈ రెండూ హయాత్ బక్షీకి లేవు. అందుచేత నిజాముద్దీన్ అహ్మద్ షీరాజీ అబ్దుల్లా పాలన మీద వ్రాసిన ‘హదీఖతుస్సలాతీన్’ వంటి గ్రంథం సహజంగానే సుల్తాను చుట్టూ తిరుగుతుంది. సుల్తాను లేచాడు, సుల్తాను వేటకు పోయాడు, సుల్తాను ఖిలత్ ఇచ్చాడు. వెనుక ఉన్నది ఎవరన్నది పంక్తుల మధ్య వెతుక్కోవాలి. ఆధునిక చరిత్రకారులు పారసీక గ్రంథాలనే ఆధారం చేసుకున్నారు గనుక, ఆ అమరికే వారి అధ్యాయాలకూ దిగివచ్చింది. సుల్తానుకొక అధ్యాయం. మూడు సుల్తానుల కాలం చూసిన స్త్రీ మూడు అధ్యాయాలలో మూడు ముక్కలైంది: ఒకదానిలో కుమార్తె, ఒకదానిలో భార్య, ఒకదానిలో తల్లి. ఆమెను పొగడేవారు కూడా ఈ మూడు చుట్టరికాలతోనే పొగడుతారు. ఈ వ్యాసం మొదటి పేరాలోనూ ఆ వరుసే వచ్చింది, చరిత్ర పుస్తకాలు అందించిన వాక్యం అదే గనుక.

స్త్రీల పేర్లు నిలబెట్టడం ముస్లిం రచనా సంప్రదాయానికి చేతకాదని ఎవరైనా దీనినిబట్టి అనుకుంటే అది మరొక అన్యాయం. హిజ్రీ 230లో మరణించిన ఇబ్న్ సఅద్ తన ‘తబఖాత్’ చివరి భాగాన్ని స్త్రీలకు కేటాయించారు. హిజ్రీ పదవ శతాబ్దపు తొలి ఏళ్ళలో మరణించిన సఖావీ, తన శతాబ్దపు ప్రముఖుల మీద పన్నెండు సంపుటాలు వ్రాసి, పన్నెండవ సంపుటమంతా స్త్రీలకే ఇచ్చారు. అందులో వెయ్యి మందికి పైగా ఉన్నారు. మక్కాలో సహీహ్ బుఖారీ బోధించిన కరీమా మర్వజియ్యా దగ్గర ఖతీబ్ బగ్దాదీ అంతటి పండితుడు కూర్చుని ఆ గ్రంథం చదివాడు. మన కాలంలో మౌలానా ముహమ్మద్ అక్రం నద్వీ ఇటువంటి హదీసు పండితురాండ్ర వివరాలు సేకరించి 2021లో 43 సంపుటాలుగా అరబ్బీలో వెలువరించారు. ఈ పేర్లు ఎందుకు నిలిచాయి? ఆనాటి పండితులు నేటివారికన్నా విశాల హృదయులనా? కావచ్చు, కాని అసలు కారణం పద్ధతిలో ఉన్నది. హదీసుకు ఇస్నాద్ ప్రాణం. గొలుసులో ప్రతి రావీ పేరూ, ఎవరి దగ్గర విన్నదీ, ఎంత నమ్మదగినదీ వ్రాసి తీరాలి. ఒక కొండీ స్త్రీ అయినంత మాత్రాన ఆ చోటు ఖాళీగా వదిలితే గొలుసే తెగిపోతుంది. దర్బారు చరిత్రకు అటువంటి నిర్బంధం లేదు. సంధి ఎవరు కుదిర్చినా సుల్తాను పేరు వ్రాస్తే వాక్యం పూర్తయినట్లే.

ఆధారాలు తక్కువ గనుకనే హయాత్ బక్షీ మీద కథలు రాలేదనే వాదం కూడా ఉన్నది. రుద్రమదేవి ఉదాహరణతో దీనిని పరీక్షించవచ్చు. ఆమె గురించి మిగిలిన సమకాలిక సాక్ష్యం ఎంత? కొన్ని శాసనాలు, మార్కోపోలో వ్రాసిన కొద్ది మాటలు. ఆమె మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది. కాని తెలుగు చరిత్రకారులు ఆ శాసనాలు చదివారు. నోరి నరసింహశాస్త్రి నవల వ్రాశారు. 1980లలో ట్యాంక్‌బండ్ మీద విగ్రహం వెలసింది. 2015లో గుణశేఖర్ చిత్రం తీశారు. శాసనం నుండి చరిత్రకు, చరిత్ర నుండి నవలకు, నవల నుండి విగ్రహానికి, చివరకు తెరకు, ఇదీ ఆమె నడచిన దారి. సినిమా ఈ దారిలో చివరి మజిలీ. ముందటి మజిలీలు దాటని స్త్రీని ఫిల్మ్ నగర్ తనంతట తాను వెతికి తెస్తుందని ఆశించడం అమాయకత్వం. ట్యాంక్‌బండ్ విగ్రహాల వరుసలో తానీషా ఉన్నాడు. ఆయన అబ్దుల్లాకు అల్లుడు. అబ్దుల్లాను పెంచి, ఆ గద్దెను కాపాడిన తల్లి ఆ వరుసలో లేదు. దీనికి విగ్రహాలు పెట్టించినవారిని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. ఆమె పేరు వారి చెవిన వేయవలసినవారు వేయలేదు.

జూబ్లీ హిల్స్ నుండి బంజారా హిల్స్ మీదుగా దిగి వచ్చే బస్సు మాసాబ్ ట్యాంక్ దగ్గర ఆగుతుంది. దిగేవారిలో ఎందరికి తెలుసు, అది ‘మా సాహెబా’ పేరిట వెలసిన చెరువని? చెరువు పూడిపోయి పార్కు అయింది, పేరు అరిగిపోయి మాసాబ్ అయింది. అది హయాత్ బక్షీ బిరుదేనని సాధారణంగా చెబుతారు. ఆమె అత్తగారు ఖానమ్ ఆగా తవ్వించినదని మరికొందరంటారు. బిరుదు పేరును మింగివేస్తే ఇటువంటి సందేహాలే మిగులుతాయి. విజయవాడ దారిలోని హయాత్‌నగర్ సంగతీ అంతే. అక్కడ ఆమె పేరిట మస్జిద్, సరాయి, ప్రక్కన హాథీ బావి ఉన్నాయి. తెలుగు బోర్డుల మీద ‘హయత్’ అని దీర్ఘం పోగొట్టుకొని నిలబడిన ఆ పదానికి అర్థం జీవితమని, అది ఒక మనిషి పేరని ఆ దారిన పోయేవారికి తోచదు.

మాసాబ్ ట్యాంక్‌ను ఆనుకొనే హుమాయూన్ నగర్ ఉన్నది. మొగలు చక్రవర్తి పేరనుకునేవారున్నారు. అది పాట్నా నుండి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన బారిస్టరు సయ్యద్ హుమాయూన్ మీర్జా పేరు. ఆయన భార్య సుగ్రా హుమాయూన్ మీర్జా (1884-1958) ఉర్దూలో నవలలు, యాత్రా చరిత్రలు వ్రాసింది, ‘అన్నిసా’ అనే స్త్రీల పత్రిక నడిపింది, దక్కను స్త్రీల అంజుమన్ స్థాపించింది, బాలికల కోసం 1934లో పాఠశాల పెట్టింది. పాఠశాలకు తండ్రి డాక్టర్ సఫ్దర్ అలీ పేరు మీదుగా సఫ్దరియా అని పేరు పెట్టింది. పేటకు భర్త పేరు వచ్చింది. ఆమె పేరు బోర్డుల మీదికి ఎక్కలేదు. ఇందులో ఎవరి కుట్రా లేదు, పెట్టినది ఆమే. మర్యాదస్తురాలి పేరు బజారులో వినబడరాదనే సంస్కారం, ఆ సంస్కారంతో జీవితమంతా పోరాడిన స్త్రీ చేతనే తన పేరు వెనుకకు పెట్టించింది.

మర్యాద చెరిపే పేర్లున్నట్లే మర్యాద లేదని చెరిపే పేర్లూ ఉన్నాయి. మాహ్ లఖా బాయి చందా (1768-1824) గజళ్ళు దీవాన్‌గా 1798లో కూర్చబడినాయి. దాని ప్రతి ఒకటి మరుసటి ఏడు కెప్టెన్ మాల్కంకు కానుకగా పోయి ఇంగ్లండు చేరింది. చాలాకాలం ఉర్దూలో దీవాన్ గల తొలి కవయిత్రి ఈమెయే అనుకున్నారు. తరువాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాన్ బయటపడింది. అది 1797 నాటిది, ఆమె కూడా దక్కనుదే. ఒక్క ఏడాది తేడాతో ఇద్దరు స్త్రీలు, ఇద్దరూ ఈ నేల మీద. గృహిణి గనుక ఒకరు తెర వెనుక ఉండిపోయారు. తవాయిఫ్ గనుక మరొకరి కవిత్వాన్ని వదలి, వృత్తిని గురించి మాట్లాడుకున్నారు. మౌలా అలీ గుట్ట దిగువన ఉన్న మాహ్ లఖా సమాధిని 2010 ప్రాంతంలో బాగు చేయించడానికి పూనుకున్నది స్కాట్ కూగల్ అనే అమెరికా పండితుడు. ఆమె మీద విపులమైన గ్రంథం ఇంగ్లీషులో వ్రాసినదీ ఆయనే.

ఇది తెలుగు చదివే ముస్లింకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. నల్లగొండలోనో గుంటూరులోనో తెలుగు బడిలో చదివిన ముస్లిం బాలిక ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది గాని, చాలాసార్లు ఉర్దూ లిపి చదవలేదు. హయాత్ బక్షీ గురించి మూలాలు పారసీకంలో, వాటి మీద జోర్ వంటివారి పరిశోధన ఉర్దూలో, షేర్వానీ గ్రంథం ఇంగ్లీషులో. ఆమెకు అందుబాటులో ఉన్న తెలుగులో హజ్రత్ ఖదీజా (రజి), హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ ఫాతిమా (రజి) గార్ల జీవిత చరిత్రలు దొరుకుతాయి. అవి ఉండవలసినవే, ఇంకా మంచి తెలుగులో రావలసినవే. కాని ఆ మహనీయుల కాలానికీ తన కాలానికీ మధ్య పదమూడు శతాబ్దాలు ఆ బాలికకు ఖాళీగా కనబడతాయి. ఆ ఖాళీని పూరించేది సినిమా. సినిమా అందిస్తున్నది అనార్కలి. తన పూర్వికురాండ్రలో స్త్రీ అంటే అంతఃపుర భోగినియో, నర్తకియో తప్ప మరొకరు లేరని ఆ పిల్ల నమ్మితే, ఆ నమ్మకం ఇచ్చినది ఫిల్మ్ నగర్ ఒక్కటే కాదు. పుస్తకం ఇవ్వని చేతులూ ఉన్నాయి.

కుతుబ్ షాహీ సమాధులను 2013 నుండి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి పునరుద్ధరించాయి. పని 2024లో ముగిసింది. రాజుల గుమ్మటాలకు తీసిపోని ఎత్తున హయాత్ బక్షీ సమాధి గచ్చు మెరుగుతో నిలిచి ఉన్నది. ప్రక్కనే ఆమె 1666లో, మరణానికి ఏడాది ముందు కట్టించిన పెద్ద మస్జిద్. రాతికి చేయవలసిన మరమ్మతు జరిగింది. కాగితానికి చేయవలసినది మిగిలి ఉన్నది. షీరాజీ ‘హదీఖ’లో అబ్దుల్లా తొలి ఏళ్ళ భాగం, షేర్వానీ 1974 నాటి కుతుబ్ షాహీ చరిత్రలో మూడు సుల్తానుల అధ్యాయాలు, జదునాథ్ సర్కార్ ఔరంగజేబు చరిత్ర మొదటి సంపుటంలో 1656 ముట్టడి ఘట్టం, ఈ మూడింటిలో ఆమెకు సంబంధించిన పుటలు ఏరి కూర్చితే ఒక చిన్న పుస్తకం అవుతుంది. పారసీకం, ఇంగ్లీషు తెలిసిన అనువాదకుడు ఒక రంజాన్ తరువాత మొదలుపెడితే మరుసటి రంజాన్ లోపల ముగించగల పని అది.